మూడో చీరకూ అదే అంచు

పాత చీరలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె వాకిట్లో గంప దించిందంటే నాకు కాలు నిలిచేది కాదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వనపర్తిలో కాపురం పెట్టిన రోజులవి. సజ్జ మీద డబ్బాలో డబ్బా, ఆ డబ్బాలో ఇంకో డబ్బా. పోసుకోవడానికి అన్ని పప్పులు ఎక్కడివి! అయినా పక్కింట్లో కొత్త బేసిను కనబడితే నాకు అన్నం సహించేది కాదు.

అత్తమ్మకు మాత్రం కట్టుకునేవి మూడే చీరలు. ఒంటి మీద ఒకటి, దండెం మీద ఒకటి, ఊరికి పోవడానికి ఒకటి. కోడలే కొనివ్వదని నలుగురూ నన్నే అంటారని నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఆమె ఇంట్లో లేనప్పుడు, ఆమె పెట్టె అడుగున ఒక గద్వాల చీర కనిపించింది. నూలు బట్ట జల్లెడైపోయింది. గంప ఆమెకు ఇచ్చేసి బేసిను తీసుకున్నాను. అత్తమ్మ రాగానే గొప్పగా చూపించాను కూడా.

ఆమె పెట్టె ముందు కూలబడింది.

"బట్ట పోతే పోనీ బిడ్డా. ఆ పట్టు అంచు మా అమ్మది. బట్ట చినిగితే అంచు ఇప్పి కొత్త నూలు చీరకు కుట్టుకుంటం. ఇప్పటికి రెండు చీరలయినయి. మూడోది నీకు కుడదామనుకున్న."

ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

బేసిను చంకన పెట్టుకుని బజారంతా తిరిగాను. బస్టాండు వెనక గంప ఆమె దొరికింది. చేతిలో కత్తెర, ముందు చీరల కుప్ప.

"గద్వాల చీర కోసినవా?"

"లేదక్కా. గా అంచుకు కత్తెర పెట్ట బుద్ధి కాలే. ఎవరన్న ఎతుక్కుంట వస్తరని పక్కకు పెట్టిన."

చీర తిరిగి ఇచ్చేసి, నా దగ్గర బేసిను తప్ప ఇంకేమీ తీసుకోలేదు. ఆ తల్లికి ఇవాళ్టికీ దండం పెట్టుకుంటాను.

ఆ వారమే సజ్జ ఖాళీ చేసి, వాడని డబ్బాలన్నీ పంచేశాను. తర్వాత గంప ఆమె వస్తే చాయ్ పోసి, నిజంగా చినిగినవే ఊరికే ఇచ్చేదాన్ని. ఇప్పుడు నాకు నాలుగు చీరలు. అత్తమ్మ కంటే ఒకటి ఎక్కువే, ఆ మాత్రం షోకు వదల్లేకపోయాను.

ఆ అంచును నా నూలు చీరకు అత్తమ్మే గడపలో కూర్చుని కుట్టింది. కుట్టు లోపల అంచు కొంచెం ఎక్కువ మడిచి, "గింత ఇడుస్తున్న. మల్ల నువ్వు ఇప్పేటప్పుడు అక్కరకొస్తది" అన్నది.

అత్తమ్మ పోయి చాన్నాళ్లయింది. మొన్న ఆ బట్ట కూడా చినిగితే, అంచును ఇంకో చీరకు వేద్దామని కుట్లు విప్పాను. అక్కరకొచ్చింది.