పైవన్నీ మొదటి ఆప్షన్‌గా వచ్చిన రోజు

పరీక్ష పేపర్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో మా ప్రశ్నల బ్యాంకు తెరిచినప్పుడల్లా నా కళ్లు ముందు చేపల ప్రశ్న కోసం వెతుకుతాయి. "శామీర్‌పేట చెరువులో వల వేస్తే ఏడు రవ్వలు, మూడు బొచ్చెలు పడ్డాయి. చూడకుండా ఒకటి తీస్తే అది బొచ్చె అయ్యే సంభావ్యత ఎంత?" రాసింది అక్క, అంటే నేనలా పిలిచే సీనియర్ మేడమ్. జవహర్‌నగర్ దగ్గర మా ఇంజనీరింగ్ కాలేజీలో ఇద్దరం లెక్కలు చెప్పేవాళ్లం, పక్కపక్క కుర్చీలు. ఆమె నాయిన ఆ చెరువులోనే చేపలు పడతాడు. మధ్యాహ్నం ఆమె డబ్బాలో వేయించిన ముక్కలు సగం నావే. కిటికీలోంచి డంపింగ్ యార్డు చెత్త వాసన కొడుతున్నా ఆ మూత తీస్తే ఆకలేసేది.

సాఫ్ట్‌వేర్ కొత్తగా వచ్చినప్పుడు మాకు భలే సంబరం. ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుసలో ప్రశ్నలు, ఆప్షన్లు కూడా కలిపేసి, కాపీ కొట్టే వీలే లేదు, దిద్దడం కూడా అదే. ప్రశ్నలన్నీ ఎక్కించి అక్క, "పైవన్నీ అని ఉన్న కాడ ఆప్షన్లు కలపొద్దని టిక్కు పెట్టాలె. గది నువ్వు జూస్కో" అంది. సరేనన్నాను, మర్చిపోయాను. మర్నాడు అడిగితే, "పెట్టిన అక్కా" అనేశాను.

మిడ్ పరీక్ష రోజు సగం పేపర్లలో 'పైవన్నీ' మొదటి ఆప్షన్‌గా వచ్చి కూర్చుంది. "మేడమ్, పైన ప్రశ్న ఒక్కటే ఉంది. గదే జవాబా?" అని పిల్లలు ఒకటే నవ్వు. పరీక్ష మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఎవరి పొరపాటని హెచ్‌ఓడీ సార్ అడిగారు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు.

"నేనే జూస్కోలే సార్" అంది అక్క.

పేపర్ల పని ఆమె దగ్గర్నుంచి తీసేశారు. సెమిస్టర్ అయ్యాక ఆమె మేడ్చల్ వైపు ఇంకో కాలేజీకి వెళ్లిపోయింది.

మేడ్చల్ ఎంత దూరమని? అయినా వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? పక్క కుర్చీలో ఇప్పుడెవరో కూర్చుంటారు, మంచివాళ్లే, నాకే మాట కలవదు. సాఫ్ట్‌వేర్ తన ఇష్టమొచ్చిన ప్రశ్నలు ఏరుతుంది. వాటిలో చేపల ప్రశ్న వచ్చిందంటే ఆ రోజంతా అక్క ఇక్కడే ఉన్నట్టుంటుంది. రాకపోతే ఏదో వెలితి.

మొన్న పాత ప్రశ్నలన్నీ తీసేయమన్నారు. చేపల ప్రశ్న దగ్గరికొచ్చి ఆగాను. ఫొటో తీసి ఆమెకు పంపాను. కింద రాశాను: "అక్కా, గా రోజు నేను టిక్కు పెట్టలే. అబద్ధం చెప్పిన."

జవాబు వెంటనే వచ్చింది. "గప్పుడే ఎరుక. నువ్వే చెప్తవని సెమిస్టరంతా జూసిన."

ఆ సెమిస్టరంతా నేను ఆమె డబ్బాలోంచే తిన్నాను.