సున్నం వేయని గోడ

మా అపార్ట్‌మెంట్ కారిడార్‌కి రంగులు వేస్తున్నారు. రెండు రోజులుగా తలుపు తీస్తే చాలు, పచ్చి పెయింటు వాసన గుప్పుమంటోంది. ఇంకొకరికైతే అది పండగ వాసన కావచ్చు, నేను మాత్రం వెంటనే తలుపు మూసేస్తాను. పదకొండేళ్ళ వయసులో నేను చేసిన వెధవపని ఆ వాసనతోపాటే లేచి వస్తుంది.

కెనడాలో కిచెనర్ అనే ఊరికి అరగంట దూరంలో మా చర్చి ఉండేది. ఇంగ్లండులో ఏదో పల్లెలో ఆరేడు వందల ఏళ్ళ కిందట కట్టిన చర్చిని, ఆ పల్లె నుంచి వలస వచ్చినవాళ్ళు కొలతలు తీసుకొచ్చి ఇక్కడ మళ్ళీ కట్టుకున్నారట. దక్షిణం వైపు చిన్న రాతి వసారా, లోపల అడుగు పెట్టగానే ఎనిమిది పలకల బాప్తిస్మపు తొట్టి, దాని బరువైన కొయ్యమూతను పైకి లాగడానికి ఒక గిలక, రెండు వరుసల ఓక్ బెంచీలు, ఒక బెంచీ చివర నాలుక బయటపెట్టి వెక్కిరించే చెక్క కోతి, రెక్కల మీద బైబిలు మోసే ఇత్తడి గద్ద, ఎండ పడితే నేల మీద ఎరుపూ నీలం ఒలకబోసే అద్దాల కిటికీలు, పాటలు పాడేవాళ్ళకీ మనకీ మధ్య జాలీలా చెక్కిన కొయ్య తెర. ఆ తెర పైన, కమాను గోడ నిండా, తీర్పుదినం బొమ్మ. ఒక పక్క మంచివాళ్ళు మెట్లెక్కి పైకి పోతుంటారు, ఇంకో పక్క చెడ్డవాళ్ళు బట్టల్లేకుండా వరుసకట్టి పెద్ద చేప నోట్లోకి నడుస్తుంటారు. కొవ్వొత్తుల మసికి అదంతా నల్లబడిపోయి, మెడ విరిగేలా చూస్తేగానీ చేప కళ్ళు కనపడేవి కావు. నేను ప్రసంగం ఎప్పుడు విన్నాను కనక, ఆ కళ్ళు వెతుక్కోవడమే నా భక్తి.

గుంటూరు వైపు నుంచి వచ్చిన నాలుగు కుటుంబాలం మేము ఆ చర్చిలో చేరాం. మంచు కురుస్తున్నా సరే, చెప్పులతో లోపలికి పోవడం మాకు చేతకాదు, వసారాలో బూట్లు విప్పి ఆ చల్లటి రాళ్ళ మీద గంతులేసుకుంటూ వెళ్ళేవాళ్ళం. మా నాయనమ్మ బెంచీ మీద కూర్చోమంటే ససేమిరా అని, దుప్పటి పరుచుకుని తొట్టి పక్కన నేల మీదే చతికిలబడేది. అది చూసి మార్గరెట్ ఆంటీ, అక్కడ అందరికంటే పాత మనిషి, ఉన్ని మేజోళ్ళు అల్లి ఒక బుట్టనిండా తెచ్చి వసారాలో పెట్టింది. క్రిస్మస్‌కి మా అమ్మ అరిసెలు వండితే ఆవిడ బెల్లంపాకం వేళ్ళకి అంటించుకుని చిన్నపిల్లలా నాకేది.

మా ఊళ్ళో క్రిస్మస్ అంటే ముందు చర్చికి సున్నం కొట్టాలి. సున్నం పడని చర్చిలో పండగేంటని మా నాన్న బాధ. ఆ డిసెంబరులో పాస్టరుగారు వారం రోజులు ఊళ్ళో లేరు, తాళాలు నాన్న చేతిలో ఉన్నాయి. ఆ మసి గోడను తెల్లగా చేసి అందరికీ కానుకగా ఇవ్వాలనుకున్నాడు. బొమ్మ ఎలాగూ పాడైపోయింది కదా అనుకున్నాడు, అంతే.

హార్డ్‌వేర్ కొట్టు దగ్గర కారు ఆపి, ఇంగ్లీషు నాకే బాగా వచ్చునని, సున్నం ఉందేమో అడిగి రమ్మని నన్ను పంపాడు. కౌంటరు దగ్గర మా క్లాసు పిల్లలు ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు గోడలకి పూసే సున్నం అని అడగడానికి సిగ్గుతో చచ్చిపోయాను. సీసాలూ మేకులూ చూస్తున్నట్టు కాసేపు తచ్చాడి బయటికొచ్చి, లేదన్నారని చెప్పాను. నాన్న నిట్టూర్చి, తనే లోపలికెళ్ళి రెండు డబ్బాల తెల్ల పెయింటు పట్టుకొచ్చాడు.

నలుగురు మగవాళ్ళు నిచ్చెనలెక్కి శనివారమంతా వేశారు. ఆదివారం మార్గరెట్ ఆంటీ లోపలికొచ్చి, కమాను కిందికి వెళ్ళి తలెత్తి చూసింది. తర్వాత నాన్న చెయ్యి పట్టుకుని, చాలా శుభ్రంగా ఉందని చెప్పి, వెళ్ళి కూర్చుంది. ఆ బొమ్మ వేసింది ఆవిడ తాతగారని మాకు ఎండాకాలం దాకా ఎవరూ చెప్పలేదు. తెలిసిన రోజున నాన్న అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆ చర్చిలో నాన్న తలెత్తి పైకి చూడగా నేను చూడలేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే మాట చెప్పుకునేవాడు, సున్నం దొరకలేదండీ అని.

నిరుడు చర్చి అమ్మకానికి పెట్టారు. వచ్చేది పదిమందే, పైకప్పు కారుతోంది. కాపాడదగ్గది ఏదైనా ఉంటే కూల్చకుండా ఆపుతామని టౌన్ కమిటీ వాళ్ళన్నారు. ఆ గోడ ఒక్కటే అందరికీ ఆశ. బొమ్మలు బాగుచేసే ఒకావిడ వచ్చి, నిచ్చెనెక్కి, చిన్న కత్తితో అరచెయ్యంత మేర గీకింది. పెయింటుతోపాటు చేప కళ్ళూ పొడిపొడిగా రాలిపోయాయి. సున్నమైతే పొరలుగా ఊడొచ్చేదని, కింద బొమ్మ బతికి ఉండేదని, పాపం, మంచిగానే చెప్పింది. నాన్న కర్ర మీద బరువంతా వేసి విన్నాడు. ఎనభై రెండేళ్ళాయనకి.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఉండబట్టలేక చెప్పేశాను.

"నాన్నా, ఆ రోజు కొట్లో నేను సున్నం అడగలేదు."

నాన్న నా వైపు తిరిగాడు.

"అయితే వాళ్ళ దగ్గర సున్నం ఉందా?"

"తెలీదు నాన్నా. అడిగితే కదా."

"ముప్పై ఏళ్ళు అదే మాట చెప్పుకున్నానే అమ్మాయ్," అన్నాడు. అంతకుమించి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

చర్చిని మార్చిలో కూల్చేశారు. మార్గరెట్ ఆంటీ అంతకు చాలా ముందే పోయింది. ఓక్ బెంచీలు ఎవరెవరి ఇళ్ళకో పోయాయి, తొట్టి ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఇప్పుడు నాన్న ఆదివారాలు ఇంట్లోనే ఉంటున్నాడు. నేను ఫోను చేస్తే తీస్తాడు, తిన్నావా అని అడుగుతాడు, పెట్టేస్తాడు. మొన్న ఆ హార్డ్‌వేర్ కొట్టు ఉన్న వీధికి వెళ్ళాను. ఆనాడు సున్నం అమ్మేవాళ్ళో లేదో కనుక్కుందామని. అక్కడిప్పుడు దంతవైద్యుడి క్లినిక్కు ఉంది.