పెడల్ అరిగిపోతుందని

ఏ వస్తువైనా ఊరికే అరగడం నాకు గిట్టదు. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. ఉన్నది పదికాలాలు నిలబెట్టుకోవడమే నాకు తెలిసిన చదువు. అందుకే మా అమ్మాయి విజయవాడలో మా ఇంటికి పాత పియానో కొనుక్కొచ్చిన రోజే, పన్నెండేళ్ల మనవరాలికి ఒక కట్టడి పెట్టాను.

"ఒసేయ్, ఆ కిందున్న పెడల్ని మాటిమాటికీ తొక్కబాక. అరిగిపోద్ది. ఒక్కసారి తొక్కి, పాటయ్యేదాకా అట్టాగే ఉంచు."

పిల్ల నా మాట జవదాటదు. ఏడాదిపాటు అలాగే వాయించింది. దానికి సంగీతం చెప్పే చర్చి మాస్టారు తన ఇంట్లో నేర్పేది పెడల్ లేని చిన్న కీబోర్డు మీద కాబట్టి ఆయనకు ఈ సంగతి తెలియదు.

ఈ ఏడు ఈస్టర్ ఆరాధనకు దాని చేత చర్చి పియానో వాయింపించాలనుకుని, వారం ముందు మాస్టారు వినడానికి మా ఇంటికి వచ్చారు. సగంలోనే చెయ్యెత్తి ఆపేశారు.

"ఏంటమ్మా ఇది? పప్పు, పులుసు, మజ్జిగ ఒకే గిన్నెలో పోసేసినట్టుంది! శనివారం మళ్లీ వింటాను. ఇట్టాగే ఉంటే వేరేవాళ్లని చూసుకోవాలి."

పిల్ల తల దించుకుంది గానీ నా మాట ఎత్తలేదు. అది నాకు గుచ్చుకుంది.

"తప్పు నాదండీ. అరిగిపోద్దని నేనే అట్టా చెప్పాను."

మాస్టారు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. "ఇత్తడండీ అది! మీ మునిమనవలు తొక్కినా అరగదు." తరువాత పియానో మూత ఎత్తి చూపించారు. పెడల్ తొక్కగానే తీగల మీది ఉన్ని దిండ్లన్నీ ఒక్కసారిగా లేచాయి. వదిలితే వాలి, మోతను నొక్కేశాయి. నోరు తెరుచుకుని చూశాను.

"కొత్త స్వరం కొట్టేటప్పుడు కాలు లేపాలి, అది మోగాక తొక్కాలి. ఎప్పుడు లేపాలో చెప్పాల్సింది చెవేనమ్మా."

వారం రోజులూ సాయంత్రాలు పీట వేసుకుని పక్కనే కూర్చున్నాను. ముందు పెడల్ లేకుండా, ఒక్కో స్వరం విడిగా పలికేదాకా. తరువాత పెడల్‌తో. కాలు ముందే లేపితే పాట తెగేది, ఆలస్యమైతే అలుక్కుపోయేది.

"పాత స్వరం ఇంకా మిగిలే ఉందే."

"నీక్కూడా వినపడిందా అమ్మమ్మా?"

"చెవుల్లో దూదేమన్నా పెట్టుకున్నానా? మళ్లీ వాయించు."

శనివారం మాస్టారి ముందు వాయించింది. స్వరం వెంట స్వరం, ఒకటి పోయి ఒకటి వచ్చిన జాడే తెలియలేదు. చివరిది కొట్టాక, అయిపోయిందనుకుని లేవబోయాను.

"ఉండు అమ్మమ్మా. ఇంకా ఉంది."

నాకు పక్కనున్న ఆటోనగర్ మెకానిక్ షెడ్ల సుత్తి దెబ్బలే వినిపించాయి. ఊపిరి బిగబట్టాను. అప్పుడు దొరికింది, ఆ మోత అడుగున వెంట్రుకంత స్వరం. అది పూర్తిగా పోయాకే పిల్ల కాలు తీసింది.

"రేపు తొమ్మిదింటికల్లా పిల్లని చర్చికి తీసుకురండమ్మా," అన్నారు మాస్టారు.

తలూపాను.