బాబాయి రాయకుండా వదిలేసిన డబ్బా

పోయిన గురువారం బాపట్లలో మొదటి క్లాసు ముగించుకుని బయటికి వస్తుంటే పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి పోయారమ్మాయ్," అంది. టిఫిన్ తిని, షెడ్డు తాళం తీసి, ఎప్పటిలా కుర్చీలో కూర్చున్నవారు మళ్ళీ లేవలేదట. నా చేతికి చాక్‌పీసు పొడి అంటుకుని ఉంది. కడుక్కోకుండానే కారెక్కి తెనాలి బయల్దేరాను. దారి పొడవునా ఇంజను ఎక్కడా తడబడలేదు. దాన్ని అలా నడిచేలా చేసిన మనిషి లేరంటే నమ్మబుద్ధి కాలేదు.

ఆయనతో మాకు చుట్టరికం ఏమీ లేదు. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. ఊరికి సైలెన్సర్ మేస్త్రి, నాకు బాబాయి. కార్లకు కన్వర్టర్లు మార్చడంలో ఆయన తర్వాతే ఎవరైనా. కన్వర్టర్ అంటే ఏంటో తెలియనివారికి చెబుతాను. ఇంజనుకూ సైలెన్సర్‌కూ మధ్య ఉండే ఇనప డబ్బా అది. లోపల తేనెపట్టులా సన్నటి కన్నాలుంటాయి. వాటి గోడలకు పూసిన లోహాలు పొగలోని విషాన్ని విరిచేస్తాయి. నేను కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి ఈ సంగతులన్నీ నాకే బాగా తెలుసనుకునేదాన్ని.

"ఆ లోహపు పూత పని చేయిస్తుందే గానీ, తాను మాత్రం తరగదు బాబాయ్," అని ఒకసారి ఆయనకే పాఠం మొదలుపెట్టాను.

"పుస్తకంలో తరగదు టీచరమ్మా. రోడ్డు మీద తరుగుద్ది," అన్నారు తల ఎత్తకుండానే. మర్నాడు క్లాసులో ఆ మాట నాదే అన్నట్టు చెప్పేశాను.

షెడ్డులో ఒక పొట్టి ముక్కాలిపీట ఉండేది. కాళ్ళు ఆయనే కోశారు. పొగ గురించి ఎవరొచ్చినా ముందు కారును షెడ్డు బయట నిలబెట్టి, ఇంజను ఆన్ చేయించి, ఆ పీట వెనక్కి వేసి కూర్చోమనేవారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన పెద్దమనిషికైనా మినహాయింపు లేదు. ఇంత కిందకా అని విసుక్కుంటే, ఎదురుగా ఉన్న బడి వైపు చెయ్యి చూపించేవారు. "ఒకటో తరగతి పిల్ల ముక్కు ఇక్కడుంటదండి. రెండు నిమిషాలు పీల్చి చూడండి." ఒకాయన కోపంగా వెళ్ళిపోయి వారం తిరక్కుండా తనే వచ్చి పీట మీద కూర్చోవడం నేను చూశాను.

ఇంకో అలవాటు చాక్‌పీసు. పాడైన కన్వర్టర్‌ను విప్పాక, అదెందుకు పోయిందో దాని మీద రాసి గోడకు తగిలించాకే కొత్తది ముట్టుకునేవారు. "పాతది ఎందుకు పోయిందో తెలీకుండా కొత్తది పెడితే అదీ పోద్ది," అనేవారు. ఆ చాక్‌పీసులు ఇచ్చేది నేనే. కాలేజీలో మిగిలిన ముక్కలన్నీ పోగేసి తెచ్చి ఆయన రేకు డబ్బాలో పోసేదాన్ని.

ఇక నా సంగతి. వేగమంటే నాకు పిచ్చి. నా పాత ఎర్ర కారుకు ఇంజను బలం పెంచే మార్పులన్నీ చేయించాను. ఆదివారం పొద్దున్నే సూర్యలంక రోడ్డు మీద దాన్ని వదిలితే ప్రాణం లేచొచ్చేది. రెండున్నరేళ్ళ కిందట ఉన్నట్టుండి బండి లాగడం మానేసింది. బాబాయికి చూపిస్తే రోజుల తరబడి ఆపుతారని వేరే ఊళ్ళో ఒక షాపుకు తీసుకెళ్ళాను. కన్వర్టర్ మూసుకుపోయిందనీ, లోపలి సరుకు తీసేసి ఉత్త డబ్బాను మళ్ళీ వెల్డింగ్ చేస్తే ఎవరికీ తెలియదనీ చెప్పారు. సరేనన్నాను. కరిగి ముద్దకట్టిన సరుకును నా కళ్ళ ముందే చెత్తబుట్టలో పడేశారు. బండి మళ్ళీ ఎగిరింది. నాలుగు నెలలు అందులోనే కాలేజీకి వెళ్ళి వాయుకాలుష్యం పాఠం చెప్పాను.

చివరికి డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగింది. బండి ఆపినప్పుడల్లా ఘాటు వాసన లోపలికి కొట్టేది. బాబాయి దగ్గరికెళ్ళి, ఆ దీపం ఒక్కటీ ఆరిపోయేలా చూడమన్నాను. ఆయన పీట వేశారు. అర నిమిషానికే నాకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. డబ్బాను పానాతో కొట్టి చూశారు. ఖాళీ బిందెలా మోగింది.

"లోపల ఏం లేదమ్మాయ్. ఎవరు తీశారు?"

"నేను కొన్నప్పటి నుంచీ అలాగే ఉందేమో బాబాయ్."

కొత్త వెల్డింగ్ గీత ఇంకా మెరుస్తూనే ఉంది. దాని మీద బొటనవేలితో రుద్దారు.

"సరుకుంటే చూసి చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఇంజనంతా వెతకాల," అని మాత్రం అన్నారు. మండే ఎండాకాలంలో రెండు రోజులు ఆ కారు కింద వెల్లకిలా పడుకున్నారు. 'కరిగింది' అని నేను ఒక్క మాట చెప్పి ఉంటే గంటలో తేలిపోయేది. కాలని పెట్రోలు అక్కడిదాకా వస్తేనే అది కరుగుతుంది. ఆయనకు మజ్జిగ ఇచ్చానే గానీ ఆ మాట చెప్పలేదు. రెండో రోజు సాయంత్రానికి, ప్లగ్గుకు నిప్పు అందించే కాయిల్ ఒకటి పాడై అప్పుడప్పుడూ తప్పుతోందని పట్టుకున్నారు.

రేపల్లె నుంచి మూడు రకాల కన్వర్టర్లు తెప్పించారు. కంపెనీది బలం పెంచిన నా ఇంజనుకు ఇరుకన్నారు. నాకు నచ్చింది పెద్ద కన్నాలది. దాన్ని ఎత్తి అందులోంచి నా వైపు చూశారు. "నీ మొహం మొత్తం కనబడతంది. పొగ కూడా ఇట్టాగే ఎక్కడా తగలకుండా పోద్ది," అని పక్కన పెట్టేశారు. మూడోది లోహపు రేకులతో చేసింది, కన్నాలు మధ్యరకం, ఒళ్ళు కాస్త పొడుగు. "గాలికి దారియ్యాలి, విషానికి అడ్డుపడాలి. ఇది రెండూ చేస్తది. ఇంజనుకు దగ్గరగా పెడదాం, త్వరగా వేడెక్కితేనే పని మొదలెడద్ది. నువ్వు ఊరు దాటేదాకా అది నిద్రపోతే ఈ పిల్లలకేం లాభం?"

బిగించే ముందు అలవాటుగా చాక్‌పీసు తీశారు. నా పాత డబ్బా వైపు చూశారు, నా వైపు చూశారు. చాక్‌పీసు మళ్ళీ జేబులో వేసుకున్నారు. "తర్వాత రాద్దాంలే," అని దాన్ని రాయకుండానే గోడకు తగిలించారు. ఆయన తన పద్ధతి తప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే. బతికిపోయాను అనుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్ళూ చాక్‌పీసులు ఇస్తూనే ఉన్నాను. వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు గోడ మీదికే పోయేవి. అది ఆయన గమనించేవారు. "టీ తాగుతావా?" అని అడిగేవారు. తాగి వచ్చేసేదాన్ని. ఇంతమంది విద్యార్థులకు అబద్ధం చెప్పొద్దని చెప్పే నాకు, ఆ ఒక్క మనిషి ముందు నిజం చెప్పడం చేతకాలేదు. నా తప్పు నేనే చెప్పుకుంటానని ఆయన నమ్మారు. అంత నమ్మకం నామీద ఇంకెవరూ పెట్టలేదు.

శుక్రవారం సమాధుల తోటలో ప్రార్థన అయి, అందరం మట్టి వేసి ఇంటికొచ్చాక పిన్ని తాళం నా చేతికిచ్చింది. "కళ్ళజోడు షెడ్డులోనే ఉండిపోయిందమ్మా. తెచ్చిపెడతావా?" అంది.

గోడ మీద పాత డబ్బాలు వరసగా ఉన్నాయి. 'ఆయిల్ తాగింది.' 'వాననీళ్ళలో దిగింది.' 'ప్లగ్గు చూసుకోలేదు.' చివరి మేకుకు నాది. రాత ఉన్నవాటి మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. నాదాని మీద దుమ్ము లేదు. ఎప్పుడు రాసినా అక్షరాలు పట్టేలా బాబాయి దాన్ని తుడుస్తూ వచ్చారు.

పొట్టి పీట మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత రేకు డబ్బాలోంచి నేనిచ్చిన ముక్కే ఒకటి తీసుకుని రాశాను. 'కాయిల్ పోయి కరిగింది. తీయించింది నేనే. అబద్ధం చెప్పాను.' అక్షరాలు ఆయన కుర్చీ వైపు ఉండేలా మేకుకు తగిలించాను.

కళ్ళజోడు కుర్చీ పక్కన బల్ల మీద ఉంది. అద్దాల మీద సన్నగా తెల్లటి పొడి. తుడవకుండా అలాగే తీసుకెళ్ళి పిన్నికి ఇచ్చాను.