కేసరి పేరు మూడుసార్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గుర్రం గొప్పదనాన్ని చెవులతో కొలిచేవారు. బెంగళూరు దగ్గర యలహంక పాత ఊరి చివర మా తాతయ్య కొన్ని మార్వారీ గుర్రాలను సాకేవారు. లోపలికి వంగిన చెవుల కొనలు ఒకదానినొకటి తాకడం ఆ పాత జాతికి గుర్తు. కేసరి అనే మగగుర్రానికి అవి చక్కగా కలిసేవి. అందుకని తాతయ్య ఏళ్ళ తరబడి ప్రతి ఆడగుర్రాన్నీ దానితోనే జతకట్టించారు. కె.ఆర్.పురంలో అదే జాతి గుర్రం మరొకటి ఉన్నా, దాని చెవులు కలవవని వద్దన్నారు. పుట్టిన ప్రతి పిల్లనూ ఒక పుస్తకంలో నమోదు చేసేవారు.

నా పదో ఏట ఒక ఉదయం పుట్టిన పిల్ల లేచి నిలబడలేకపోయింది. తాతయ్య, చిన్నాన్న దాని పొట్ట కింద గోనెసంచి వేసి ఎత్తి, తల్లి పొదుగుకు అందించారు. అది పాలు చీకలేదు. నేను వేలితో పాలు అద్దితే పెదవులు కొద్దిగా కదిలాయి, అంతే.

"పోయినేడు ఒకటి పాయె, ఇప్పుడు ఇది. దిష్టి తగిలుండాది నాయనా," అన్నాడు చిన్నాన్న.

తాతయ్య పుస్తకం తెచ్చి నా ఒడిలో పెట్టారు. "అమ్మణ్ణీ, దీని తండ్రి పేరు రాయి."

కేసరి అని రాశాను.

"తల్లికి తండ్రి?"

కేసరి.

"అమ్మమ్మకు తండ్రి?"

మళ్ళీ అదే పేరు. నా చేయి ఆగిపోయింది.

"దిష్టి కాదురా, నేనే," అన్నారు తాతయ్య. "చెవులు చూసినాను గానీ చుట్టరికం చూళ్ళేదు."

సాయంత్రానికి పిల్ల కన్నుమూసింది. నలుగురికీ తెలిస్తే కేసరి పరువు పోతుందని, ఆ పేజీ చించేయమన్నాడు చిన్నాన్న.

"చించితే రేపు ఇంకొకడు ఇదే పని చేస్తాడు. రాయమ్మా. నిల్చోలేదు, పాలు తాగలేదు, తప్పు తాతది అని రాయి."

ఏడుస్తూ రాశాను. మర్నాడు ఆయన తాను కాదన్న గుర్రాన్నే అడగడానికి కె.ఆర్.పురం బయలుదేరారు.

ఇప్పుడు ఆ జాతి గుర్రాల వంశాలను నేను నమోదు చేస్తున్నాను. పోటీల్లో గెలిచిన ఒక్క మగగుర్రం కోసం ఆడగుర్రాల యజమానులందరూ బారులు తీరుతున్నారు. చచ్చిన పిల్లల ఊసు ఏ కాగితంలోనూ ఉండదు. ఇది జాతికి చేస్తున్న ద్రోహం. మిగిలిన వంశాలు ఒక్కొక్కటే అంతరిస్తున్నాయని గుర్రాల పెంపకందారుల సంఘానికి ఎన్ని ఉత్తరాలు రాసినా బదులు లేదు. మొన్న ఒకాయన తన ఆడగుర్రం వివరాలు చెబుతూ, దాని పిల్లల్లో ఎన్ని చనిపోయాయన్న నా ప్రశ్నకు విసుక్కున్నాడు: "పోయినవాట్ని రాసుకోని ఏం చేస్తారమ్మా?"

నేను కలం మూత తీసి, ముందు వాటి గురించే చెప్పమన్నాను.