శైలజ కిహాప్

2023లో నేను కోరుట్లలోని ఒక ప్రైవేటు స్కూల్లో తైక్వాండో నేర్పుతున్నాను. ఈ కొరియా ఆటలో పూమ్సే అనే విభాగం ఉంటుంది. అందులో ఎదుటి ఆటగాడు ఉండడు. దెబ్బలనూ అడ్డుకోవడాలనూ ఒక వరుసలో ఒంటరిగా చేసి చూపాలి. కొన్ని చోట్ల కడుపులోంచి గట్టిగా అరవాలి. ఆ అరుపే కిహాప్. అది లేకపోతే మార్కులు పోతాయి. మామూలుగా నా మాట వెనక బెంచీ దాకా కూడా చేరదు కానీ, కిహాప్ మాత్రం బాగానే వస్తుంది.

నా పిల్లలందరిలో పెద్ద గొంతు ఏడో తరగతి శైలజది. దగ్గర్లోని ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వచ్చేది. ఒకరోజు స్థానిక యూట్యూబ్ ఛానెల్ వాళ్లు మా ప్రాక్టీసు వీడియో తీశారు. మర్నాటికి ఎవరో శైలజ అరుపొక్కటే కత్తిరించి, మేక అరుపుతో కలిపి రీల్ చేశారు. ఆమె బస్సెక్కగానే పిల్లలు "మే" అనడం మొదలుపెట్టారు.

అప్పటినుంచి ప్రాక్టీసులో ఆమె కాళ్లూ చేతులూ సరిగ్గానే కదిలేవి. అరవాల్సిన చోట మాత్రం పెదాలు బిగించేది. సిరిసిల్లలో పోటీలు దగ్గరపడ్డాయి.

"నా పేరు తీసెయ్యిన్రి మేడం. నేను ఆట మానేస్త."

"గా రీల్ గురించేనా?"

"మా బాపు మస్కట్‌ల చూసిండట. ఆయన రూమోళ్లు గూడ చూసిన్రట."

"బాపు ఏమన్నడు?"

"ఏమో. నేను ఫోన్ ఎత్తుతలేను."

మస్కట్‌లో పనిచేసే ఆయనకు శుక్రవారం సెలవు. వాళ్లమ్మ స్కూలుకు వచ్చి, స్పీకర్ పెట్టి ఫోన్ కలిపింది.

"బాపు, నీకు సిగ్గనిపియ్యలేదా?" అంది శైలజ నేల చూస్తూ.

"సిగ్గేంది బిడ్డ? గా మేకను తీసేయించి, ఒట్టి నీ కూత అలారం పెట్టుకున్న. పొద్దుగాల రూమంత ఉలిక్కిపడి లేస్తున్నరు. ఒకడైతె మంచం మీదికెల్లి కిందవడ్డడు." ఆయన నవ్వి, మళ్లీ అన్నాడు: "నేను కబడ్డీల కూత పెడితె పక్కూరికి వినవడేది. గది నా గొంతే."

"గా గొంతుతోనే తండ్రీబిడ్డలు నా చెవులు తింటున్నరు," అంది వాళ్లమ్మ.

శైలజ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఆమె పేరు తీసేయలేదు.

సిరిసిల్ల హాల్లో చుట్టూ ఫోన్లే. అరవాల్సిన చోటు వచ్చింది. ఆమె అరిచింది. వెనక నుంచి ఎవడో "మే" అన్నాడు. రెండో కిహాప్ ఇంకా గట్టిగా వచ్చింది. ఆమెకు మూడో స్థానం దక్కింది. నా గుండె మాత్రం మొదటి అరుపుకే తేలికపడింది.

ఇప్పుడు నా పిల్లలను ఎవరు వీడియో తీసినా ముందు అది వాళ్ల ఇంటికి పంపమంటాను. ఛానెల్ వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఊరు నవ్వకముందే, ఆ గొంతు మాదే అనేవాళ్లు ఒకరు వినాలి.