మెదడు వాపుకు మా పసుపు

గజపతినగరంలో మా మావయ్యది కిరాణా కొట్టు. ఏజెన్సీ నుంచి పసుపుకొమ్ములు తెప్పించి, ఆడించి, పొట్లాలు కట్టి అమ్ముతాడు. ఆ పొట్లాల మధ్యే పెరిగాను. విశాఖలో పరిశోధనకు చేరాక కూడా నా బుద్ధి గల్లాపెట్టె దాటలేదు. ల్యాబుకు గాజుపళ్ళేలు తెచ్చే మనిషిని కొసరు అడిగి, నా పరిశోధన చూసే మేడమ్‌కు తలవంపులు తెచ్చినదాన్ని.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో నా పని ఇది: మెదడుకు కాపలా కాసే కణాలను పళ్ళెంలో పెంచడం, బాక్టీరియా పైపొర ముక్కలతో వాటిని రెచ్చగొట్టడం, పసుపులోంచి తీసిన కర్కుమిన్ వేసి, అవి వదిలే వాపు పదార్థాలు తగ్గాయేమో చూడడం. తగ్గాయి. సెలవులకు వచ్చినప్పుడు అన్నం తింటూ ఆ మాట వాగాను.

తెల్లారేసరికి పొట్లాల మీద కొత్త కాగితం: ‘మెదడు వాపుకు మా పసుపు. మా మేనకోడలు పరిశోధించి తేల్చినది.’

“మావా, అయి పళ్ళెంలో కణాలు. మనిషి కాదు. తిన్న పసుపులో ఆ సరుకు రక్తంలోకి ఎక్కడమే బహు తక్కువ. మెదడు దాకా ఏటి పోతాది?”

“పోతాదో పోదో నువ్వు ఎనకాలే ఎళ్ళి సూసొచ్చినావేటి? తగ్గిందని సెప్పింది నువ్వే. కంచం కాడ అంతసేపూ అదే సోది.”

“ఆ కాగితం సింపీ.”

“ముందు నీ నోరు కుట్టీ. తర్వాత సింపుతాను.”

సంతరోజు ఎండుచేపలమ్మే ఆవిడ కొట్టుకు వచ్చింది. ఆవిడ భర్త మెదడు వాపుతో పెద్దాసుపత్రిలో పడి, ఆ మధ్యే ఇంటికి చేరాడు. స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి, చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రమ్మన్నారు. ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పు.

మావయ్య చేత కాగితం చదివించుకుని ఆవిడ, “ఇదుంటే ఇంక ఆ మాత్రలేటికి? మొకం ఉబ్బిపోనాది, నిద్దర నేదు, నా మీదకి కొట్టొస్తన్నాడు” అంది. మావయ్య చెయ్యి అప్పటికే పొట్లం మీద ఉంది.

“పిన్నీ, ఇది మెదడుకి పనిసెయ్యదు. కూరలోకే,” అని అడ్డుపడ్డాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “మీ కొట్టు సరుకు నువ్వే బాగోనేదంటన్నావు. ఏటి, తగ్గించి ఇస్తావా?”

మా సంతలో సరుకును తిట్టడమంటే బేరం మొదలైందని అర్థం. ఆ సంగతి మరిచిపోయి మరికాస్త తిట్టాను. నేను తిట్టేకొద్దీ ఆవిడకు ఆశ పెరిగింది.

“దాసుకుంటన్నారేటి? డబ్బున్నోళ్ళకి అమ్ముకోడానికా?”

మావయ్య పళ్ళికిలించాడు. “సూసినావేటే? నీ నోటి పుణ్యాన ధర పెంచొచ్చు.”

ఒళ్ళు మండిపోయింది. ఆ పళ్ళ మీద గుప్పెడు పసుపు కొట్టాలనిపించింది. కానీ నేను తెచ్చిన నిజాన్ని కొనేవాళ్ళు ఆ కొట్టులో ఎవరూ లేరు. ఇక నాకు చేతనైంది బేరమే.

“సరే పిన్నీ. మాత్రలు ఆపకుండా మింగినోళ్ళకి ఈ పసుపు ఊరికే. ఆపితే సిటికెడు కూడా నేదు. అదీ కూరలో వెయ్యి, నీళ్ళలో కలిపి తాగించకు.”

“ఊరికేనా?” ఇద్దరూ ఒక్కసారే అరిచారు, ఒకరు ఆశతో, ఒకరు కడుపుమంటతో.

“ఒసే, కొట్టు నీ మొగుడిదేటే?” అన్నాడు మావయ్య.

“నా సదువు పొట్లానికి అంటించుకున్నావు కదా, దాని ఖరీదనుకో.”

ఆవిడ కొంగు బిగించింది. “అయితే పై సంతకి కాళీ మాత్రల అట్ట తెస్తాను.”

“ఒద్దు. అట్ట కాళీ సెయ్యడానికి మింగక్కర్నేదు, కాలవలో పారేసినా సాలు. మనిషిని తీసుకురా. ఆ పూట మాత్ర ఇక్కడే నా ముందు మింగాల.”

“నీ అనుమానం తగలెయ్య!” అని గంప ఎత్తుకుని పోయింది.

పై సంతకు మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చారు. ఉబ్బిన ముఖంతో, భార్య భుజం పట్టుకుని నిలబడ్డాడతను. ఇల్లు జప్తు చెయ్యడానికి వచ్చినదాన్ని చూసినట్టు చూశాడు నన్ను.

“నన్ను మాత్ర మింగమన్న మారాణివి నువ్వేనేటి?”

నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. నాలుక బయటికి చాపాడు. “సూసుకో. కింద కూడా సూస్తావేటి?”

“సూస్తాను,” అన్నాను.

పళ్ళు నూరి, నోరు తెరిచి నాలుక పైకెత్తాడు. నేను వంగి చూశాను.